నామరూపాలను చూడకుండా నామరూపాతీతమా?

వినాయకచవితినాడు ఏకవింశతి పత్రపూజ జరగని తెలుగు గృహం అరుదు. మాచీ, బృహతీ, బిల్వ, దూర్వా, అపామార్గ అంటూ నామావళి సాగుతూ ఉంటుంది. చేయి మాత్రం అంగడిలో కొన్న పత్రికట్ట నుండి అందిన ఆకునల్లా తీసి సమర్పిస్తూ ఉంటుంది. నోట పలికేది అర్జునపత్రం. చేతిలోనిది ఏ ఆకో సమర్పించేవారికీ తెలియదు, అమ్మినవారికీ తెలియదు. ఈ అజ్ఞానాన్ని మనం దోషంగా భావించడం మానివేసి చాలాకాలమైనది. అరణ్యంలోని వృక్షాలను, ఓషధులను, పుష్పాలను స్వయంగా గుర్తించ నేర్వడం కేవలం వృక్షశాస్త్రజ్ఞుల పని కాదనీ, సాధకునికి అది చిత్తశుద్ధిని, వివేకాన్ని పెంపొందించే అభ్యాసమనీ ఈ వ్యాసం యొక్క ప్రతిపాదన.

దీనికి రెండు పూర్వపక్షాలు వెంటనే ఎదురవుతాయి. మొదటిది భక్తుల నుండి: భగవంతుడు భావగ్రాహి, ఆకు ఏదైతేనేమి? గీత తొమ్మిదవ అధ్యాయంలో భగవానుడు పత్రం, పుష్పం, ఫలం, తోయం అన్నాడే కాని ఫలానా పత్రమని నిర్బంధించలేదు కదా! నిజమే. ఆయన నిర్బంధించలేదు కనుకనే తెలియని ఆకును తెలిసిన పేరుతో సమర్పించవలసిన అవసరమూ మనకు లేదు. లభించని ద్రవ్యానికి బదులు అక్షతలు సమర్పించే సంప్రదాయం మనకు ఉండనే ఉన్నది. దేవదారువు హిమాలయ వృక్షం. మన ప్రాంతపు అడవులలో జనులు దేవదారి అని పిలిచేది వేరొక చిన్న చెట్టు. ఈ సంగతి తెలిసి, ఆ పత్రం స్థానంలో రెండు అక్షతలు ఉంచినవాని పూజలో సత్యం ఉన్నది. తెలియక ఏదో ఒక కొమ్మ విరిచి ఉంచినవాని పూజలో భావం ఉండవచ్చు. అవధానం మాత్రం లేదు. అవధానం లేని భావం ఎంతకాలం నిలుస్తుంది?

రెండవ పూర్వపక్షం వేదాంతుల నుండి: నామరూపాలు మిథ్య అని శ్రుతి ఘోషిస్తూ ఉండగా, ముముక్షువు చెట్ల పేర్లు వల్లెవేయడం తిరోగమనం కాదా? ఈ ఆక్షేపం గంభీరంగా వినిపిస్తుంది. ఛాందోగ్యం ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు ఏమి చేశాడో పరిశీలిస్తే దాని బలం సడలిపోతుంది. ఆయన శ్వేతకేతువును కన్నులు మూసుకొమ్మనలేదు. మర్రిపండు తెమ్మన్నాడు, చీల్చమన్నాడు, ఏమి కనిపించినదో చెప్పమన్నాడు. గింజలలో ఒకదానిని మరల చీల్చమన్నాడు. ఇక ఏమీ కనిపించని చోట, కనిపించని ఆ సూక్ష్మతత్త్వం నుండే మహావృక్షం నిలిచి ఉన్నదని బోధించాడు. దృశ్యాన్ని చివరివరకూ చూచినవానికే అదృశ్యోపదేశం లభించినది. అధ్యారోపం లేనిదే అపవాదం లేదు. ఎన్నడూ చూడని నామరూపాలను ‘మిథ్య’ అని కొట్టివేయడం జ్ఞానం కాదు, అలసత్వానికి కాషాయం కట్టడం.

భ్రమ ఎలా కలుగుతుందో అద్వైతం మనకు స్పష్టంగా చెప్పినది. ‘ఇది ఏదో ఉన్నది’ అనే సామాన్యజ్ఞానం ఉండి, ‘ఇది రజ్జువు’ అనే విశేషజ్ఞానం లేనప్పుడే సర్పం ఆరోపితమవుతుంది. పూర్తి చీకటిలో రజ్జుసర్పభ్రాంతి లేదు, పూర్తి వెలుగులోనూ లేదు. అడవిలో ప్రవేశించినప్పుడు మనలో అనేకుల స్థితి ఈ మందాంధకారమే. ‘పచ్చగా ఏవో చెట్లు’ అనే సామాన్యజ్ఞానం ఉన్నది; విశేషజ్ఞానం శూన్యం. ఆ శూన్యంలోనే అంగడివాడు చెప్పిన పేరు వచ్చి కూర్చుంటుంది.

జమ్మిచెట్టును తీసుకొందాం. పాండవులు ఆయుధాలు దాచిన శమీవృక్షంగా దీనిని పూజిస్తాము. తెలంగాణకు ఇది రాష్ట్రవృక్షం. అయినా దసరానాడు జమ్మి అనుకొని, అమెరికా ఖండం నుండి 19వ శతాబ్దంలో మన దేశానికి వచ్చి ఊరూరా వ్యాపించిన సర్కారు తుమ్మ రెమ్మను చేతబట్టుకొనేవారు ఉండవచ్చు, ఎందుకంటే రెండూ ఒకే కుటుంబానికి చెందినవి, రెండింటికీ ఈకవంటి చిరుపత్రాలు, రెండింటికీ ముళ్ళు. విశేషం ఎక్కడ? సర్కారు తుమ్మకు ఆకు పుట్టే కణుపు వద్ద పొడవైన ముళ్ళు, తరచు జంటగా ఉంటాయి. జమ్మికి కణుపుల నడుమ కొమ్మ పొడవునా పొట్టి ముళ్ళు చెదురుగా ఉంటాయి. ఒక్కసారి ఈ భేదం కంటబడిన తరువాత ఆ భ్రాంతి మరల రాదు. బాధితమైన భ్రమ తిరిగి లేవదని గ్రంథంలో చదివిన సంగతి అక్కడ చేతివేళ్ళకు అనుభవమవుతుంది.

బృహతి విషయమూ ఇంతే. నిటారుగా పొదవలె పెరిగే ములక ఒకటి, నేలను అంటుకొని పాకే నేలములక మరొకటి. రెండూ ముళ్ళతో వంగజాతికి చెందినవే. మొదటిది బృహతి, రెండవది కంటకారి. అర్జునవృక్షమైన తెల్లమద్ది వాగుల ఒడ్డున పెరుగుతుంది. దాని బెరడు నునుపుగా, లేతవర్ణంలో, పెచ్చులుగా ఊడుతుంది. దాని సోదరి నల్లమద్ది బెరడు నల్లగా, మొసలి చర్మంవలె పగుళ్ళువారి ఉంటుంది. అలిపిరి మెట్లదారిన తిరుమలకు నడిచే భక్తులకు ఇరువైపులా ఉన్నది సామాన్యమైన అడవి కాదు. 2010లో జీవావరణ రక్షితప్రాంతంగా ప్రకటింపబడిన శేషాచలం అది; ప్రపంచంలో అత్యల్పప్రాంతంలో మాత్రమే సహజంగా పెరిగే ఎర్రచందనానికి నిలయం. ఎర్రచందనపు ఆకుకు సాధారణంగా మూడు చిరుపత్రాలు. దాని బంధువైన వేగిసకు అయిదు నుండి ఏడు. గోవిందనామం పలుకుతూ ఎక్కే యాత్రికుడు ఈ మూడాకుల రెమ్మను గుర్తించగలిగితే, దొంగల గొడ్డళ్ళకు కూలుతున్నది ఏమిటో అతనికి పత్రికావార్తగా కాక స్వజన నష్టంగా తెలుస్తుంది. పేరు తెలియనిదాని మరణానికి దుఃఖించేవారు లేరు.

ఈ గుర్తింపు ఏ ప్రమాణం వలన కలుగుతుంది? నైయాయికులు దీనికి ఉపమానమని ప్రత్యేక స్థానమే కల్పించారు. గవయమృగం గోవువంటిదని అరణ్యవాసి చెప్పగా విన్న నగరవాసి, అడవికి వెళ్ళి ఆ మృగాన్ని చూచి, విన్న వాక్యాన్ని స్మరించి ‘ఇదే గవయం’ అని తెలుసుకొనే దృష్టాంతం అందరికీ పరిచితమే. న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు దానితోపాటు ఓషధులనూ ఉదాహరించాడన్నది అంతగా ప్రచారంలో లేదు: పెసరవంటిది ముద్గపర్ణి, మినుమువంటిది మాషపర్ణి అని విని, వాటిని గుర్తించి, ఔషధార్థం తెచ్చుకొనడం. మన భాషలో వీటిని కారుపెసర, కారుమినుము అంటారు. కారు అనగా అడవి. తెలుగు పల్లెలో పుట్టిన ఈ పేర్లలోనే ఉపమానప్రమాణం సంపూర్ణంగా ఇమిడి ఉన్నది.

సంస్కృతనామాలు కూడా చాలావరకు లక్షణవాక్యాలే. సప్తపర్ణమనగా కణుపు చుట్టూ ఇంచుమించు ఏడాకులు గలది. మన ఏడాకుల పాల. ఖరమంజరి అనగా గరుకైన కంకి గలది. అంగవస్త్రానికి అంటుకొని వెంటవచ్చే ఉత్తరేణి. కింశుకమనగా ‘ఇది చిలుకయా?’ అని సందేహం కలిగించేది. చిలుకముక్కు వంటి పుష్పం గల మోదుగ. పేరును మంత్రంవలె వల్లించి వస్తువును చూడనివాడు, ఆ పేరు పెట్టిన ఋషితుల్యుని దృష్టిని అవమానించినట్లే.

ఈ విద్యకు గురువులు ఎవరు? చరకసంహిత సూత్రస్థానం ఓషధుల నామరూపాలు తెలిసినవారిగా మేకల కాపరులను, గొల్లలను, వనచరులను పేర్కొన్నది. ప్రయోగజ్ఞానం వేరని హెచ్చరిస్తూనే వారి ఎరుకను అంగీకరించినది. నల్లమలలో చెంచులు, బీళ్ళలో పశువులు కాచేవారు, బతుకమ్మకు తంగేడు, గునుగు ఎక్కడ పూచినదో ఎరిగిన గ్రామీణ స్త్రీలు ఇప్పటికీ మనకు ఆచార్యస్థానీయులే. సత్యకామ జాబాలునికి వృషభం, అగ్ని, హంస, మద్గుపక్షి బ్రహ్మపాదాలను బోధించాయని అంగీకరించే మనం, ఒక కాపరి వద్ద ఆకు పేరు అడగడానికి సంకోచించడం విడ్డూరం. నేడు చిత్రం తీయగానే పేరు చెప్పే చరవాణి సాధనాలున్నాయి. వాటిని నిషేధించనక్కరలేదు, అవి ఇచ్చేది వాక్యం మాత్రమే. వాక్యాన్ని వస్తువుతో పోల్చి నిశ్చయించుకోవలసినది మన కన్నే.

అభ్యాసక్రమం క్లిష్టమైనది కాదు. మొదట ఒక్క మొక్కను ఎన్నుకోండి. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? ఆకు ఒంటిదా, చిరుపత్రాల సమూహమా? అంచు నునుపా, రంపపు పళ్ళా? తుంచితే పాలు వస్తాయా? రాలిన ఆకును నలిపితే వాసన ఏది? ఇవి శ్రవణం తరువాతి మననం. ఆపై అదే మొక్కను ఏడాది పొడవునా దర్శించండి. ఫాల్గునంలో ఆకు లేక అగ్నివలె పూచిన మోదుగనూ, శ్రావణంలో మూడాకులతో పచ్చగా నిలిచిన మోదుగనూ చూచి ‘అదే ఇది’ అనగలిగినప్పుడు, ‘సోఽయం దేవదత్తః’ అనే వేదాంతోదాహరణ మీకు పుస్తకవాక్యంగా మిగలదు. విరుద్ధమైన రూపాలను విడిచి నిలకడైనదానిని పట్టుకొనే ఆ బుద్ధివ్యాపారమే మహావాక్యవిచారంలోనూ పనిచేయవలసినది.

రెండు నియమాలు తప్పనిసరి. ఒకటి: గుర్తించడం వేరు, సేవించడం వేరు. పూజాపత్రాలలోని ఉమ్మెత్త, గన్నేరు విషపూరితాలు; జిల్లేడు పాలు కంటికి హానికరం. జ్వాలవంటి రేకులతో మనోహరమైన అగ్నిశిఖ దుంప ప్రాణాంతకం. పేరు తెలిసినంత మాత్రాన వైద్యుడైపోయానని భ్రమించరాదు. రెండు: చూడటానికి వెళ్ళినవాడు కోయరాదు. అభయారణ్యాలలో అది చట్టవిరుద్ధం కూడా. భాగవతం ఏకాదశస్కంధంలో అవధూత తన గురువుల నడుమ వృక్షం నుండి పరార్థజీవనాన్ని నేర్చుకొన్నానన్నాడు. గురువు కొమ్మ విరిచి విద్య నేర్వడం ఎక్కడి ధర్మం?

రానున్న చవితి నాటికి ఇరువదియొకటింటిలో ఏడింటిని మీ కన్నులతో, మరొకరి సాక్ష్యం అక్కరలేకుండా, గుర్తించ నేర్చుకోండి. మీ పెరటిలోనో, వీధిచివరనో పెరిగిన ఆ ఏడింటి నుండి ఒక్కొక్క ఆకును, మొక్కకు నొప్పి కలగనంత మేరకు తెచ్చి సమర్పించండి. తక్కిన పదునాలుగు నామాలకు అక్షతలు ఉంచండి. మరుసటి ఏడు ఆ అక్షతల సంఖ్య తగ్గుతుంది. పిల్లలు పక్కన కూర్చుని ‘ఇది ఏ ఆకు?’ అని అడిగినప్పుడు, నామావళి పుస్తకం వైపు చూడకుండా ఉత్తరం చెప్పగలిగిన ఇల్లు ఊరికి ఒక్కటి ఉన్నా, ఈ విద్య మన తరంతో అంతరించదు.