వేలంలో కొన్నా వాపసు హక్కు పోదు

ఆన్‌లైన్ వేలంలో ‘కొత్తదానిలా ఉంది’ అని రాసిన ఫోను చూసి పాట పెడతాం. తీరా పార్శిల్ విప్పితే మార్చిన స్క్రీను, ఉబ్బిన బ్యాటరీ. అడిగితే ‘వేలం సరుకు వాపసు లేదు భాయ్’ అంటాడు అమ్మినాయన. నెలల తరబడి కూడబెట్టిన డబ్బు పోయిందని చాలామంది ఊరుకుంటారు. ఊరుకోనక్కర్లేదు.

1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ప్రకారం, వర్ణించి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఇంకా సూటిగా ఉన్నాయి: ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోను, డబ్బివ్వను అనే వీలు అమ్మకందారుకు లేదు. వెబ్‌సైట్ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి.

ఇక్కడే ఒక చిక్కుంది. ఈ నిబంధనలు వ్యాపారం చేసేవాళ్లకే. తను వాడిన ఫోను ఒక్కసారి అమ్ముకున్న మామూలు మనిషికి ఇవి వర్తించవు. కాబట్టి ధర కంటే ముందు అమ్మేదెవరో చూడండి.

పాట పెట్టేటప్పుడే ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత మార్చేస్తే చూపడానికి ఏమీ ఉండదు. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. వాపసు నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడగండి. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల రూపాయల వరకు కొనుగోలుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు.