వరుస వేగానికి అడ్డు కాదు

పనులను ఏకకాలంలో నడిపితే ఫలితాల వరుస చెదిరిపోతుందని, వరుస కావాలంటే ఒకదాని తర్వాత ఒకటిగా నడపక తప్పదని ప్రోగ్రామర్లలో బలంగా నాటుకున్న అభిప్రాయం సరైనది కాదు. పనులు ముగిసే క్రమమూ ఫలితాలను అందించే క్రమమూ ఒకటేనన్న పొరపాటు దానికి మూలం. ముగిసే క్రమం నెట్‌వర్క్ జాప్యం, సర్వర్ మీది భారం వంటి బయటి కారణాలను బట్టి మారుతుంది. అందించే క్రమాన్ని మాత్రం పనిని మొదలుపెట్టేటప్పుడే దానికొక స్థాన సంఖ్య ఇచ్చి స్థిరపరచవచ్చు. ఫలితాన్ని ఆ సంఖ్య గల గడిలోనే ఉంచితే, ఏది ముందు ముగిసినా వరుస చెడదు.

జావాస్క్రిప్ట్ 2015 ప్రమాణంలో చేరిన ప్రామిస్.ఆల్, పైథాన్‌లోని అసింక్ఐఓ.గ్యాదర్ చేసేది ఇదే. అయినా లూప్‌లో ప్రతి పని దగ్గరా ఆగే కోడ్‌ను జాగ్రత్తకు గుర్తుగా సమర్థించేవారు తగ్గలేదు. ఒక్కొక్కటి ఒక సెకను పట్టే పది స్వతంత్ర అభ్యర్థనలను అలా నడిపితే పది సెకన్లు గడుస్తాయి. కలిపి నడిపితే, సర్వర్ తట్టుకోగలిగినంత మేర, సుమారు ఒక్క సెకను చాలు. ఫలితాలన్నీ చేతికొచ్చాకే ముందుకు సాగాల్సిన చోట నిరీక్షణ ఎటూ అతి నెమ్మదైన పని ముగిసేదాకానే కాబట్టి, వరుసను కాపాడినందుకు అదనంగా పోయే కాలం దాదాపు ఏమీ లేదు. మిగిలిన తొమ్మిది సెకన్లు వినియోగదారు నుంచి అకారణంగా లాక్కున్నవే.

ఈ అభిప్రాయానికి గట్టి ఖండన ప్రాసెసర్ల చరిత్రలోనే ఉంది. ఐబీఎం 360 మోడల్ 91 కోసం రాబర్ట్ టొమాసులో 1967లో ప్రచురించిన పద్ధతి, ఫ్లోటింగ్ పాయింట్ ఆదేశాలను వాటికి కావలసిన విలువలు సిద్ధమైన క్రమంలో నడిపింది. అయితే ఆదేశాలు వరుస తప్పి ముగియడం వల్ల, లోపం తలెత్తినప్పుడు అది సరిగ్గా ఏ ఆదేశం దగ్గర కలిగిందో తేల్చడం కష్టమయ్యేది. దీనికి విరుగుడుగా జేమ్స్ స్మిత్, ఆండ్రూ ప్లెజ్‌కున్ 1985లో వేగాన్ని వదులుకొమ్మనలేదు. ముగిసిన ఫలితాలను తమ వంతు వచ్చేదాకా నిలిపి ఉంచే రీఆర్డర్ బఫర్‌ను ప్రతిపాదించారు. 1995 నాటి పెంటియమ్ ప్రో అటువంటి 40 గడులతోనే సూక్ష్మ ఆదేశాలను వరుస తప్పించి నడిపి, ప్రోగ్రామ్ వరుసలోనే ఖాయం చేసింది. వరుసకూ ఏకకాలానికీ పొత్తు కుదరదని వాదించే కోడ్ కూడా నేడు ఎక్కువగా అటువంటి ప్రాసెసర్ల మీదే నడుస్తోంది.

ఎదుటి పక్షం వాదనలో నిజమైన భాగం ఒకటుంది. ఫలితాలను వరుస తప్పకుండా ఒక్కొక్కటిగా ప్రవాహంలా అందించేటప్పుడు, ముందున్న ఒక్కటి ఆలస్యమైతే దాని వెనకవన్నీ మెమరీలో పేరుకుపోతాయి. అయితే మొదలై ఇంకా ఫలితం అందించని పనుల సంఖ్యకు హద్దు పెడితే అదీ అదుపులో ఉంటుంది, రస్ట్ భాషలోని బఫర్డ్ అనే సాధనం అందుకే హద్దును ముందే అడుగుతుంది. ఒకదాని ఫలితం మీద మరొకటి ఆధారపడే పనులు, ఉదాహరణకు ఒకే ఖాతాలో జమ, ఆ జమ మీద చెల్లింపు, వేరే కోవకు చెందుతాయి. అక్కడ కాపాడవలసింది ఫలితాల వరుస కాదు, అమలు వరుస. ఆ రెండు పనులను మాత్రం ఒకదాని వెంట ఒకటిగానే నడపాలి.