కోటకు పంపిందెవరు?

అక్టోబరు 31 హాలోవీన్. తెల్లోళ్ల దెయ్యాల పండగ. ఆ వారం క్యాంపుల్లోనూ సెల్‌ఫోన్లలో దెయ్యం సినిమాలే నడుస్తాయి. చూసేదేదో అసలుదే చూద్దాం. 1922లో జర్మనీలో మూర్నౌ తీసిన 'నోస్ఫెరాటు' రక్తం తాగే దెయ్యాల సినిమాలన్నింటికీ పెద్దన్న లాంటిది. బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన 'డ్రాకులా' నవలను అనుమతి లేకుండా, పేర్లు మార్చి తీశారు. స్టోకర్ భార్య కోర్టుకెక్కితే 1925లో ప్రింట్లన్నీ నాశనం చేయమని తీర్పొచ్చింది. అయినా కొన్ని మిగిలాయి. మూకీ సినిమా కాబట్టి మనోళ్లు, బంగ్లావాళ్లు, నేపాలీలు ఒకే గదిలో కూర్చుని చూడొచ్చు.

అందులో మమ్మల్ని భయపెట్టింది పొడుగు గోళ్ల కౌంట్ ఆర్లాక్ కాదు. సినిమా మొదలే. హుట్టర్ అనే కుర్రాడు నాక్ అనే ఇళ్ల బ్రోకరు దగ్గర గుమస్తా. ఇంట్లో చిన్నవయసు భార్య. దూరదేశం వెళ్తే బాగా డబ్బులొస్తాయని, కాస్త చెమట, మహా అయితే కాస్త రక్తం పోతుందని నాక్ నవ్వుతూ చెబుతాడు. కుర్రాడు సంబరంగా సంచి సర్దుకుంటాడు. దారిలో జనం వద్దంటారు. బండివాళ్లు వంతెన దాటి రామంటారు. వినడు. కోటలో చిక్కుకుంటాడు.

కరీంనగర్, నిజామాబాద్, కడప పల్లెల్లో ఈ కథ ఎవరికి కొత్త? కౌంట్ ఎక్కడో ఉన్నాడు. అక్కడేముందో తెలిసీ పంపినవాడు సొంతూరోడే.

ఇలాంటి నాక్‌లు ఏజెంటు ఆఫీసుల్లోనే కాదు, మన మధ్యా ఉన్నారు. తమ్ముడి వరసవాడికి 'ఆజాద్ వీసా' అంటగట్టి కమీషన్ తీసుకుంటారు. వీసా ఇచ్చిన యజమాని దగ్గర పని ఉండదని వాళ్లకు తెలుసు. వేరేచోట పనిచేస్తూ పట్టుబడితే ఇంటికి పంపేది ఆ కుర్రాణ్ణే. వడ్డీ కట్టేది ఇంట్లోవాళ్లు. సైట్ల మీద పని అడుగుతూ వచ్చే కొత్త కుర్రాళ్లలో ఇలాంటోళ్లు మాకు కనిపిస్తూనే ఉంటారు. తెలిసీ నోరు మూసుకుంటే ఆ పాపంలో మనకూ వాటా ఉంటుంది.

చెప్పాల్సినవి నాలుగే మాటలు. భారత ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంటు 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి ఫీజు తీసుకోకూడదు. లైసెన్సు ఉందో లేదో 'ఈమైగ్రేట్' వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. విజిట్ వీసా మీద పనికి రావద్దు. ఇక్కడ పాస్‌పోర్టు యజమాని గుంజుకోవడం చట్టవిరుద్ధం. ఇబ్బంది వస్తే మన ఎంబసీ ఓపెన్ హౌస్‌కు వెళ్లొచ్చు.

స్టోకర్ నవలలో డ్రాకులా పగటిపూట కూడా తిరుగుతాడు. ఎండ తగిలితే దెయ్యం మాయమవడం ఈ సినిమాతోనే మొదలైంది. ఆ లెక్కన బహ్రెయిన్ ఎండలో మన జోలికి ఏ దెయ్యమూ రాదు. మన రక్తం తాగేది చీకట్లో జరిగే వీసా బేరమే. దాన్ని వెలుగులోకి లాగాలి. ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, ఊళ్లో ఎవరైనా గల్ఫ్ వీసాకు డబ్బు కడుతున్నారా అని అడుగుదాం. వింటారా, వినరా అన్నది వాళ్లిష్టం. చెప్పడం మన బాధ్యత.