ఇంటి రంగును ఫోన్ స్క్రీన్ మీద ఫిక్స్ చేయకండి

సంక్రాంతికి ఇంటికి బయట రంగులు వేయిద్దామని నాన్న అనగానే నేను ఫోన్ తీశా. పెయింట్ యాప్‌లో మా ఇంటి ఫొటో పెట్టి, లేత బూడిద రంగు సెలెక్ట్ చేసేశా. అదే ఫొటో నాన్న ఫోన్‌లో నీలంగా కనిపించింది! నాది వివిడ్ మోడ్‌లో ఉన్న అమోలెడ్, ఆయనది పాత ఎల్‌సీడీ. మరి ఏది కరెక్ట్?

రెండూ కాదు. స్క్రీన్ తన వెలుగు తానే ఇస్తుంది, గోడ రంగు మాత్రం ఎండను బట్టి మారుతుంది. పైగా కెమెరా వైట్ బ్యాలెన్స్ కూడా తేడా తెస్తుంది. అందుకే నా ఓటు చిన్న శాంపిల్ డబ్బాకే. ఎండ గోడకీ, నీడ గోడకీ రెండేసి అడుగుల మేర రెండు కోటింగులు వేయించండి. ఆరాక పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూడండి. మేం అలా చూస్తే, నాకు నచ్చిన బూడిద రంగు ఎండలో వెలిసిపోయినట్టు కనిపించింది.

ఫోన్‌కి వేరే పని ఉంది. పగుళ్లు, చెమ్మ ఉన్నచోట ఫొటోలు తీయండి. అవి చూపించి, పగుళ్లు పూడ్చడం, ప్రైమర్, రెండు కోటింగులు అన్నీ రేటులోనే ఉన్నట్టు కొటేషన్‌లో రాయించుకోండి.

ఫోన్ నచ్చకపోతే ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయొచ్చు. గోడ రంగు నచ్చకపోతే ఏళ్ల తరబడి దాన్నే చూడాలి!