గృహచింతన: ఆకలి చెప్పని యతిథి



ఈ మాసమున మేమొక చేపను గూర్చి వ్రాయుచున్నాము. వంటకొరకు గాదు, పెంపకముకొరకు. ఇది మా పొరపాటు కథయే. ఐనను దాచుటకంటె చెప్పుట మేలని తోచి చెప్పుచున్నాము.

మా సంగారెడ్డికి సముద్రము వందల మైళ్ల దూరము. మాకు నీరన్న మంజీర, చేపలన్న రవ్వ, బొచ్చె, కొరమీను. ఒకప్పుడు విశాఖపట్టణము పోయి, సముద్రతీరమునగల మత్స్యదర్శినిని చూచితిమి. అచటి రంగుచేపలను చూచి మా యమ్మాయి అద్దము వదలి రానన్నది. పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొన్నచో ఇంటనే అట్టి చేపను ఉంచెదమని మా యింటివారు మాట యిచ్చిరి. మార్కులు వచ్చినవి. బడిపంతులు ఆడిన మాట తప్పరాదు గదా!

మొదట నీటి చిక్కు వచ్చినది. సముద్రపు చేపకు వంటింటి యుప్పు పనికిరాదు. కాల్షియము, మెగ్నీషియము మొదలగు లవణములు కలిపి ఇందుకొరకే అమ్ము ఉప్పును, లీటరునకు సుమారు 35 గ్రాముల చొప్పున కలుపవలెను. నీటి సాంద్రత 1.025 ప్రాంతమున నిలువవలెను. ఎండకు నీరే ఆవిరి యగును గాని ఉప్పు ఆవిరి కాదు. కావున తగ్గిన మేరకు మంచినీటినే పోయవలెను, ఉప్పునీటిని పోసినచో నానాటికి ఉప్పదనము పెరిగిపోవును.

ఆ మంచినీరు ఎట్టిదన్నది మా ప్రాంతమున చిన్న ప్రశ్న గాదు. పటాన్‌చెరు కర్మాగారముల మురుగు నక్కవాగులో కలియుచుండుటను గూర్చి 1990లో సుప్రీము కోర్టు వరకు వ్యాజ్యము పోయినది. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు అచటి శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి, సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని ప్రకటించిరి. ఆ మందు పని సూక్ష్మజీవులను చంపుట. చేపలతొట్టియో సూక్ష్మజీవులమీదనే బ్రతుకును. చేప విసర్జించు అమ్మోనియాను ఒక జాతి క్రిములు నైట్రైటుగాను, మరియొక జాతి దానిని నైట్రేటుగాను మార్చును. అవి లేనిచో చేప తన మలినముతో తానే చచ్చును. కావున మేము బోరునీటిని తాకక, ఆర్.ఓ. యంత్రమున వడిచిన నీటినే వాడితిమి. తొట్టిని చేపలు లేకుండ ఆరువారములు నడిపితిమి. వేసవిలో మా యూరి యెండకు నీరు కాగిపోకుండ పంకా అమర్చితిమి. కరెంటు పోయినప్పుడు గాలి ఆడుటకు బ్యాటరీ పంపును సిద్ధపరచితిమి. ఇంతవరకు మా శ్రద్ధకు లోపము లేదు.

పిమ్మట హైదరాబాదులోని యొక దుకాణమున మా యమ్మాయి మాండరిన్ చేపను చూచినది. వ్రేలెడు చేప. నీలము, నారింజ, ఆకుపచ్చ తీగలు అల్లుకొన్న పట్టుచీర యంచువలె నుండును. జపానుకు దక్షిణమునగల ద్వీపములనుండి ఆస్ట్రేలియా వరకు పగడపు దిబ్బలలో అది నివసించును. పొలుసులు లేవు, జిగురే దానికి కవచము. ధర యడిగితిమి. ఏమి తినునో అడుగలేదు. తప్పు అచటనే జరిగినది.

ఇంటికి తెచ్చి ఎండు మేత వేసితిమి, అది ముట్టలేదు. నానబెట్టిన మేత వేసితిమి, తల త్రిప్పుకొన్నది. ఐనను పగలంతయు రాళ్లమీద ఏదో ఏరుకొనుచునే యుండుటచే, తినుచున్నదని తలచితిమి. నాలుగవ వారమున దాని కడుపు లోనికి పోయి, వెన్ను గీతవలె తేలినది. ఆరవ వారమున ఒక యుదయము అది రాతి ప్రక్కన కదలక పడియున్నది.

మా యమ్మాయి ఏడ్చుచు, “అమ్మా, ఆకలియైనదని అది మనకు చెప్పలేదేమి?” అని యడిగినది. మాకు వెంటనే జవాబు తోచలేదు.

తరువాత పుస్తకములు తిరుగవేసితిమి. మాండరిన్ చేప కోపిపాడులను కంటికి ఆనీ ఆనని రొయ్యజాతి ప్రాణులను, ప్రాణముతో నున్నప్పుడే ఒక్కొక్కటిగ ఏరుకొని రోజంతయు తినును. మా వంద లీటర్ల క్రొత్తతొట్టిలో అవి కొద్దిదినములకే తరిగిపోయినవి. అది ఏరుకొనుచున్నట్లు మాకు కనబడినది వట్టి వెదకులాటయే.

కావున ఇట్టి కోరిక గల సోదరీమణులకు మా మనవి. తొట్టి మూడువందల లీటర్లకు తక్కువ గాకుండ, నెలల తరబడి నిలకడగ నడచిన పిమ్మటనే ఈ చేపను తలపెట్టుడు. ప్రక్కన నాచు పెంచు చిన్న యర నొకదానిని ఉంచి, అందు కోపిపాడులను వృద్ధిచేయుడు. మీ కన్నులయెదుట తినని చేపను కొనకుడు. పెంపకమున పుట్టిన పిల్లలు దొరకినచో అవియే మేలు, ఇచ్చిన మేతకు కొంత యలవాటుపడియుండును. సముద్రపు గుఱ్ఱములను, పగడములను మాత్రము ఆశింపవలదు. వానిని 2001లో మన దేశమున వన్యప్రాణి చట్టపు మొదటి పట్టికలో చేర్చిరి.

క్రొత్తవారికి క్లౌన్ చేప నయము. మన దేశపు సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు దానిని పెంపకమున పుట్టించు పద్ధతిని సాధించిరి. అది వేసిన మేతను తినును, చిన్న తొట్టిలోను ఇముడును.

మా తొట్టి ఆరునెలలు వట్టిగనే యుండెను. ఇప్పుడు అందు రెండు క్లౌన్ చేపలున్నవి. ప్రొద్దుట మా యమ్మాయి మేత వేసి, వెంటనే బడికి పరుగెత్తదు. అవి రెండును తినువరకు నిలిచి, కడుపులు చూచి, అప్పుడే జడ వేయించుకొనుటకు మాయొద్దకు వచ్చును. ఆలస్యమగుచున్నదని మేము గద్దింపము.