చివరి ఆయకట్టుకు చిన్న ప్యాకా?

పల్లెల్లో వైర్‌లెస్ ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లలో ఎవరిని కదిపినా ఒకటే మాట: "ఊళ్లోవాళ్లకు ఎక్కువ స్పీడు ఎందుకండీ? ఐదు ఎంబీపీఎస్ చాలు. మూడొందలు దాటితే కట్టరు." రేటు కార్డు కూడా ఆ నమ్మకం మీదే అచ్చవుతుంది. 5, 10, 20, 40 అని మెట్లు. కింది మెట్టు కూలివాడిది, పై మెట్టు డాక్టరుగారిది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. గాలిలో నడిచే నెట్‌కు మాత్రం ఈ లెక్క పొసగదు.

మా అక్కవాళ్ల ఊరు కాలువ చివరి ఆయకట్టు. డాబా మీద పిట్టగోడకు ఇనుప పైపు కట్టి చిన్న డిష్ బిగించి వెళ్లారు. టవర్‌కీ దానికీ మధ్య పక్కింటి మామిడిచెట్టు. తీసుకున్నది ఐదు ఎంబీపీఎస్. పొద్దున పదింటికి బాగానే వస్తుంది. రాత్రి ఎనిమిదికి మేనకోడలు క్లాసు వినబోతే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, తెరిచిన మాస్టారి నోరు తెరిచినట్టే ఉండిపోతుంది. ఫోన్ చేస్తే, "మీది చిన్న ప్యాక్ కదమ్మా, పదికి మారండి" అన్నారు. అక్క మారింది. చక్రం ఆగలేదు.

తప్పు ప్యాక్‌ది కాదు, చెట్టుది. టవర్ మీది ఒక్కో యాంటెన్నా తన వైపున్న ఇళ్లన్నిటికీ వంతులవారీగా సమయం పంచుతుంది; రాత్రి అందరూ ఒకేసారి వాడితే ఆ వంతు చిన్నదవుతుంది. సిగ్నల్ శుభ్రంగా అందే ఇంటి పని చిటికెలో అయిపోతుంది. ఆకులు అడ్డొచ్చిన ఇంటికి అదే డేటాను నెమ్మదిగా, దారిలో పోయిన ముక్కల్ని మళ్లీ మళ్లీ పంపుతూ చేర్చాలి. అడ్డం వల్ల లింకు నాలుగో వంతుకు పడిందనుకోండి, అక్కడి ఐదు ఎంబీపీఎస్‌కు పట్టే సమయంలో మంచి లింకున్న ఇంటికి ఇరవై ఇవ్వొచ్చు. చివరి మడి తడవాలంటే తూము దగ్గర ఎంత ఎక్కువ వదలాలో డెల్టాలో ఏ రైతునడిగినా చెబుతాడు. చౌక కస్టమర్ అనుకుంటున్న ఇల్లే టవర్‌కు అందరికన్నా బరువన్నమాట. పైపును మరో ఆరడుగులు లేపితే ఆ బరువు దిగేది. ఇనుముకు డబ్బుల్లేవంటారు, రేటు కార్డుల అచ్చుకు మాత్రం ఉంటాయి!

టవర్ అద్దె, బ్యాటరీలు, రిపేరుకొచ్చే కుర్రాడి బండి పెట్రోలు స్పీడు తగ్గించినంత మాత్రాన తగ్గవు. నత్తనడక నెట్‌కు ఫిర్యాదులు పెరిగి ఆ పెట్రోలు ఇంకాస్త ఎక్కువే కాలుతుంది.

ఇక "కట్టరు" అన్న మాట. 2024 జులైలో జియో రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌ను 239 నుంచి 299 రూపాయలకు పెంచింది. గడువు 28 రోజులు, అంటే ఏడాదికి పదమూడు రీఛార్జులు. మూడు ఫోన్లున్న ఇంటికి ప్రతిసారీ 897. అదే కంపెనీ 2023లో ఎయిర్‌ఫైబర్ మొదలుపెట్టినప్పుడు 30 ఎంబీపీఎస్ ధర 599, పన్ను అదనం. పల్లె ఇల్లు నెట్‌కు డబ్బు కడుతూనే ఉంది. రాని నెట్‌కు కట్టనంటోంది, అంతే.

ఒకడే రాత్రంతా సినిమాలు దింపుకుంటే మిగతావాళ్లు ఎండిపోతారన్న ఆపరేటర్ల భయం నిజమే. దానికి రద్దీ వేళ ఏడు నుంచి పదకొండు దాకా అలాంటివాణ్ణి కాస్త పట్టి ఉంచితే సరి, ఆ సంగతి ముందే చెప్పి. తెల్లారుజామున ఖాళీగా ఉన్న టవర్‌కు జీబీల లెక్క దేనికి?

2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ అనాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ రావాలని నిర్ణయించింది. కార్డుల మీద మాత్రం "20 వరకు" అని ఉంటుంది. ఆ "వరకు"లో సున్నా కూడా ఇముడుతుంది. అందుకే నాలుగు మెట్లూ తీసేసి ఒకే ధర పెట్టి, దాని పక్కన రాత్రి ఎనిమిదింటికి ఎంత వస్తుందో వేయమని అక్కవాళ్ల ఊరి ఆపరేటర్‌తో అన్నాను.

"అది వేస్తే ఎవరు కొంటారండీ?" అన్నాడు.