గురువారం మీటింగు ఎవరికీ పట్టదు

పలాస-కాశీబుగ్గ బజార్లో సేవా క్లబ్బు పేరెత్తి చూడండి. "శాలువాల సంఘమేనా?" అంటారు. పక్కాయన "ఫొటోల బ్యాచ్" అంటాడు. ఆసుపత్రి మంచం దగ్గర ఒక రొట్టె ప్యాకెట్టు మీద పదిమంది చేతులు పెట్టిన ఫొటో ఎప్పుడో పేపర్లో పడింది. ఆ ఫొటోతోనే మమ్మల్ని తూచేశారు. ఏళ్ల తరబడి ఈ మాట వింటూ ఊరుకున్నాను. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మా పని చూడాలంటే ఫొటో దిగే రోజు రాకండి. గురువారం రాత్రి రండి. కొట్లలో రద్దీ తగ్గే వేళకి ఒక అద్దె హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసుక్కూర్చుంటాం. జీడి ఫ్యాక్టరీ యజమాని, మందుల షాపాయన, రిటైరైన లెక్కల మాస్టారు, ఎల్ఐసీ ఏజెంటు, పిల్లల డాక్టరు, సిమెంటు డీలరు. ప్రెసిడెంటు గంట కొడతాడు, జాతీయ గీతం పాడతాం, సెక్రటరీ పోయిన వారం మినిట్స్ చదువుతాడు. అసలు పని అక్కడ మొదలవుతుంది. ఫలానా బడికి నీళ్ల ఫిల్టరు పెట్టిస్తానని పోయిన వారం ఒప్పుకున్నదెవరు? పెట్టించారా? లేకపోతే ఎందుకు లేదు, ఎప్పటికవుతుంది? ఒప్పుకున్న మనిషి అదే వరసలో కూర్చుని ఉంటాడు, జవాబు చెప్పాలి. ఈ వారం ఏదో చెప్పి తప్పించుకున్నా వచ్చే గురువారం మళ్లీ అదే పుస్తకం, అదే ప్రశ్న. తర్వాత ట్రెజరరు చలివేంద్రానికి కొన్న కుండల బిల్లు చూపిస్తాడు. కుండకి అంత పెట్టారేమిటని ఎవరో ఒకరు తప్పకుండా పేచీ పెడతారు. ఆ పేచీ ఉంది కాబట్టే దాత ఇచ్చిన రూపాయి పక్కదారి పట్టలేదు.

ఈ కట్టుబాటు మేం కనిపెట్టింది కాదు. 1905 ఫిబ్రవరి 23న చికాగోలో పాల్ హారిస్ అనే లాయరు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజనీరు, ఒక దర్జీ కలిసి కూర్చున్నారు. వంతులవారీగా ఒకరి ఆఫీసులో ఒకరు కలుస్తూ రోటరీని నిలబెట్టారు. వాళ్లు ఊరి కోసం పట్టుబట్టి సాధించిన మొదటి పని పబ్లిక్ మరుగుదొడ్లు. శాలువా కాదు, సన్మానం కాదు, మరుగుదొడ్లు. అదే ఊళ్లో 1917లో మెల్విన్ జోన్స్ లయన్స్ మొదలుపెట్టాడు. 1925లో హెలెన్ కెల్లర్ వాళ్ల మహాసభకి వెళ్లి, చూపులేనివాళ్ల పక్షాన నిలబడమని అడిగింది. ఇవాళ్టికీ మన ఊళ్లలో లయన్స్ వాళ్లు కంటి శిబిరాలు పెడుతున్నారంటే ఆవిడ అడిగిన ఆ మాట కోసమే.

కళ్ల సంగతి వచ్చింది కనుక మన సోంపేట సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. కెనడా బాప్టిస్టు మిషన్ డాక్టరు బెన్ గల్లిసన్ అక్కడి ఆరోగ్యవరం ఆసుపత్రిలో కళ్ల ఆపరేషన్లు చేసేవాడు. 1963లో ఆయన మాటలు విని కదిలిపోయిన కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్, తన ఊరివాళ్ల దగ్గర డబ్బు పోగుచేసి సోంపేటకి పంపించడం మొదలుపెట్టాడు. ఆపరేషన్ ఐసైట్ అనే అంతర్జాతీయ సంస్థ పుట్టింది అలాగే. ఆఫ్రికా దేశాల దాకా విస్తరించిన ఆ సంస్థకి బొడ్డు కోసిన ఊరు ఇచ్ఛాపురం పోయే దారిలో ఉంది. మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఏ బడిలోనైనా ఒక మాటగా చెప్తారా? ఊరి మంచిని మరిచిపోవడం మనకి కొత్త కాదు. అందుకే ఇంత బాధ.

కంటి శిబిరమంటే టెంటు, బ్యానరు, అతిథులు అనుకుంటారు. అది ఒక్కపూట. దానికి ముందు మూడు నాలుగు గురువారాలు పోతాయి. ఏ ఊళ్లకి దండోరా వేయించాలి, బండి ఎవరిది, ఆసుపత్రివాళ్లు ఎంతమందిని తీసుకోగలరు అని. శిబిరం రోజు శుక్లం ఉందని తేలినవాళ్లలో కొందరికి షుగరు ఎక్కువుంటుంది, బీపీ ఎక్కువుంటుంది. వాళ్లని వెనక్కి పంపిస్తారు. వెనక్కి వెళ్లినవాళ్లు మళ్లీ రారు, ఇదే అసలు బాధ. ఎవరో ఒకరు వాళ్లింటికి వెళ్లి, మందులు వేసుకుంటున్నారో లేదో చూసి, షుగరు దిగాక బండెక్కించాలి. ఆపరేషనయ్యాక వారాల తరబడి చుక్కల మందు పడాలి. ముసలివాళ్లకి తమ కంట్లో తాము చుక్కలు వేసుకోవడం చేతకాదు. కోడలు తోటకో ఫ్యాక్టరీకో పోతుంది, కొడుకు చెన్నైలోనో హైదరాబాదులోనో ఉంటాడు. పక్కింటి పిల్లకి చెప్పి వేయించాలి. మందస వైపు ఒక ఊళ్లో కట్టు విప్పిన మామ్మ, వరండాలో ఆరబోసిన కొబ్బరి చిప్పల్ని వేలు పెట్టి లెక్కపెట్టుకుంది. లెక్క సరిపోయిందని తేలాక నా వైపు తిరిగి, "రొండో కన్ను ఎప్పుడు సేయిస్తారు బాబూ?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆ వారం మినిట్స్‌లోకి ఎక్కింది. రెండో కన్ను అయ్యేదాకా చెరిపేయలేదు. దీనికి ఏ పేపరూ రాలేదు. రమ్మని మేమూ పిలవలేదు.

ఇంకొకటి చెప్పాలి, ఇది పలాసకే చెందిన విషయం. మన జీడిపప్పు దేశమంతా తింటారు. కాల్చి, కొట్టి, ఆరబెట్టిన పప్పు మీద ఎర్రపొట్టు తీసేది ఆడవాళ్లు. డబ్ల్యూ 320 అని పెట్టె మీద రాస్తారే, అంటే పౌనుకి 300 నుంచి 320 లోపు గుండ్లు రావాలి. గుండు గుండుగా ఉంటే ఒక ధర, బద్దయితే ఒక ధర, ముక్కయితే ఇంకా తక్కువ. నలభై దాటిన ఆడమనిషికి చెయ్యి బారెడు దూరం పెడితే గాని పప్పు మీద పొట్టు కనపడదు. గోరు తగిలి పప్పు విరుగుతుంది. పని నెమ్మదిస్తుంది, కూలి తగ్గుతుంది. ఆవిడకి శుక్లం లేదు, జబ్బు లేదు. చత్వారం అంతే. మామూలు కళ్లద్దాలు చాలు. 2018లో అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకి దగ్గరచూపు అద్దాలిచ్చి చూస్తే, ఇవ్వనివాళ్లతో పోలిస్తే వాళ్ల పని 20 శాతం పైనే పెరిగిందని ఒక అధ్యయనం తేల్చింది. పలాసలో ఎవరూ అలాంటి లెక్క తీయలేదు. కానీ ఫ్యాక్టరీకి వెళ్లి మధ్యాహ్నం భోజనం వేళ అద్దాలు పెట్టి చూపిస్తే, చేతిలో పప్పుని ఇటూ అటూ తిప్పి చూసుకుని నవ్వే మొహాలు నేను చూశాను. ఆ అద్దాల పని మొదలైంది ఒక గురువారం. ఒక సభ్యుడు, ఆయనా ఫ్యాక్టరీ యజమానే, "మా దగ్గర ముక్క ఎక్కువ పడుతోంది, పనివాళ్లని తిట్టి లాభం లేదు, వాళ్ల కళ్లు చూడాలి" అన్నాడు. వారం వారం కలవకపోతే ఆ మాట ఎక్కడ అనేవాడు? ఎవరితో అనేవాడు?

ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది అందరికీ. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇవన్నీ ఆ ఉద్దానం మండలాలే. జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభించారు. హిరమండలం నుంచి 700 కోట్ల రూపాయలతో గొట్టాల ద్వారా నీళ్లు తెచ్చారు. పెద్ద పనులు పెద్దవాళ్లు చేశారు, సంతోషమే. కానీ డయాలసిస్ మనిషి వారానికి రెండు మూడుసార్లు మిషను మీద పడుకోవాలి, ఒక్కోసారికి నాలుగు గంటలు. తోడు వచ్చినవాళ్లకి ఆ రోజు కూలి పోతుంది. లేచాక కాళ్లు తేలిపోతాయి, బస్సెక్కలేరు. ఆసుపత్రి గుమ్మం దాటాక రోగి ఎవరి లెక్కలోనూ ఉండడు. ఆటో మాట్లాడిపెట్టడం, తోడులేని మనిషికి మనిషిని చూడటం, రక్తం తగ్గితే దాతని వెతకడం, ఇవీ మా గురువారం పనులు. జబ్బు వారానికి మూడుసార్లు పిలుస్తుంటే నెలకోసారి కలిసే కమిటీ ఏం చేస్తుంది?

తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మన దగ్గరే తీరం దాటింది. ఆ రోజు గురువారమే. హాలు తెరవడానికి దారి లేదు, రోడ్లకి అడ్డంగా చెట్లు. ఒక సభ్యుడి జీడి గోదాము ముందు టార్చి వెలుతురులో కలిశాం. కరెంటు లేదు, ఫోన్లు లేవు. కానీ ఎవరి దగ్గర జనరేటరుందో, ఎవరికి ట్రాక్టరుందో, ఎవరి రంపం పనిచేస్తుందో మాకు ముందే తెలుసు. అన్నాళ్లు ఎదురెదురుగా కూర్చున్నవాళ్లం కదా. జనరేటర్లు ట్రాక్టర్ల మీద ఊరూరూ తిప్పి, మోటార్లు ఆడించి మంచినీళ్ల ట్యాంకులు నింపించాం. తర్వాత లారీల నిండా బియ్యం, దుప్పట్లు ఎక్కడెక్కడినుంచో వచ్చాయి. రోడ్డు మీది ఊళ్లకే మళ్లీ మళ్లీ అందాయి, లోపలి ఊళ్లకి అందలేదు. ఏ ఊరికి అందలేదో లారీవాళ్లకి చెప్పి దారి చూపించింది మాలాంటి క్లబ్బులవాళ్లు, యువజన సంఘాలవాళ్లు. ఆరేడేళ్లు పెంచితే గాని కాపుకు రాని కొబ్బరి ఒక్క రాత్రిలో పడిపోయింది. మళ్లీ మొక్క పెట్టే వేళకి కెమెరాలన్నీ వెళ్లిపోయాయి, మేం ఇక్కడే ఉన్నాం.

పోలియో సంగతయితే ఎవరికీ గుర్తే లేదు. 1985లో రోటరీ ఈ జబ్బుని భూమ్మీద లేకుండా చేస్తామని పూనుకుంది. మనదేశంలో చివరి కేసు 2011 జనవరి 13న బయటపడింది. ఆ బిడ్డది హౌరా జిల్లా. మన పలాస స్టేషన్లో ఆగే బళ్లు బయల్దేరే చోటు. పల్స్ పోలియో ఆదివారాల్లో ప్లాట్‌ఫారాల మీద నిలబడి, బండి ఆగిన కాసేపట్లోనే తల్లుల ఒళ్లో పిల్లల్ని వెతికి చుక్కలు వేయడం ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. 2014 మార్చి 27న మన దేశం పోలియో లేని దేశాల్లో చేరింది. ఏఎన్ఎంలు, ఆశాలు, అంగన్‌వాడీ టీచర్లు పడ్డ కష్టం ముందు మాది చిన్నదే. కానీ ఉంది. రాకుండా పోయిన జబ్బుకి సాక్షులుండరు. కాలు చచ్చుబడని పిల్లాడికి తన కాలు ఎందుకు బాగుందో తెలియదు.

ఇంత చేసే గురువారాన్ని ఇప్పుడు అనవసరం అంటున్నారు. ఒకప్పుడు రోటరీలో వరసగా నాలుగు మీటింగులు ఎగ్గొడితే సభ్యత్వం పోయేది. పనిమీద బరంపురం పోయినా, విశాఖ పోయినా అక్కడి క్లబ్బులో కూర్చుని హాజరు తెచ్చుకునేవాళ్లు. 2016లో నిబంధన సడలించారు, నెలకి రెండుసార్లు కలిస్తే చాలన్నారు. కరోనా వచ్చాక చాలాచోట్ల అంతా వాట్సాప్ గ్రూపులోకి పోయింది. గ్రూపులో ఎవరూ ఎవర్నీ "పని ఏమైంది?" అని అడగరు. దండం బొమ్మ పెడతారు, అయిపోతుంది. సడలించినవాళ్లకి వాళ్ల కారణాలు ఉండొచ్చు. పలాసలాంటి చిన్న ఊరికి మాత్రం అది నష్టమే అని నా గట్టి అభిప్రాయం.

ఊరికి నా విన్నపం ఏమిటంటే, మమ్మల్ని పొగడక్కర్లేదు. మన ఊరి విలేకరిని మీటింగు వార్తలో అతిథుల పేర్లతో పాటు, చేసిన పని ఏమిటో రెండు వాక్యాలు రాయనివ్వండి. డిగ్రీ చదువుతున్న పిల్లల్ని ఒక్క నెలపాటు గురువారం హాలుకి పంపండి. నచ్చకపోతే మానేస్తారు. ఆడవాళ్లకి రోటరీ తలుపు తెరిచిందే 1989లో. మన దగ్గర ఇప్పటికీ కుర్చీలన్నీ మగవాళ్లవే. ఫ్యాక్టరీలో పొట్టు తీసే ఆవిడ వచ్చి కూర్చుని మాకేం కావాలో చెప్పే రోజు రావాలి, ఆవిడ షిఫ్టు చూసుకుని మీటింగు వేళ మార్చుకోవడానికి నేను సిద్ధం.

అధికారులకి ఒక్క కోరిక. తుపానొస్తే మాకు ఫోను చేస్తారు, వ్యాక్సిన్ శిబిరానికి టెంటు కావాలంటే చేస్తారు, మంత్రిగారొస్తే నీళ్ల ప్యాకెట్లకి చేస్తారు. ఎప్పుడూ కాదనలేదు, ఇకముందు కూడా అనం. కిడ్నీ జబ్బు మీద సమీక్ష జరిగినప్పుడు మాత్రం మాకో కుర్చీ వేయండి. మినిట్స్ పుస్తకం పట్టుకొస్తాం. డయాలసిస్‌కి రావడం మానేసినవాళ్లు ఎందుకు మానేశారో అందులో రాసుంది: పొద్దున్న బస్సు తీసేశారు, తోడు వచ్చే కొడుకు వలస పోయాడు, కూలి పోతోందని భార్య ఏడుస్తోంది. ఈ మూడింటిలో మొదటిది మీ చేతిలో పని.